నాలుగో బోల్టు

మే 4, ఆదివారం

శ్రీకాంత్ పోయాడు. నిన్న పొద్దున పదకొండున్నరకు, ముదిగుబ్బ దాటాక వచ్చే గుట్ట మలుపులో. కారు వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు లాగేసిందట. రోడ్డు దిగి కంకర గుట్టను కొట్టుకుంది. ఇరవై తొమ్మిదేళ్లు. పక్క సీట్లో ఎవరూ లేరు, అదొక్కటే మేలు.

ఈ నోటు పుస్తకం కొలతలు రాసుకోవడానికి కొన్నది. మొదటి పదహారు పేజీల్లో షాఫ్టుల కొలతలున్నాయి. పదిహేడో పేజీ నుంచి ఇది రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు. ముప్పై ఏళ్లు ఇనుము కోసే లేతు ముందు నిలబడ్డవాడికి నోటితో చెప్పుకోవడం రాదు. రాస్తేనన్నా మనసు కుదురుకుంటుందేమో.

ఆ కారు పనిలో నా చెయ్యి ఉంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోవాలి. వెనుక చక్రాల మధ్య ఒక ఇనుప చట్రం ఉంటుంది, సబ్‌ఫ్రేమ్ అంటారు. చక్రాలను పట్టే చేతులు, చక్రాలను తిప్పే గేర్లున్న క్రౌన్ పెట్టె అన్నీ దాని మీదే. దాన్ని నాలుగు బోల్టులు కారు బాడీకి పట్టి ఉంచుతాయి. ఒక్కో బోల్టు చుట్టూ ఒక రబ్బరు బుష్. కుదుపునూ శబ్దాన్నీ మింగేది ఆ రబ్బరే. శ్రీకాంత్‌కు అది నచ్చలేదు. మలుపులో బండి వెనుక రవ్వంత ఊగుతోందని, రబ్బరు తీసేసి గట్టి అల్యూమినియం బుష్‌లు వేయించాలని పట్టుబట్టాడు. జర్మనీ బండి. బెంగళూరు అవతల రేసు ట్రాకు మీద తిప్పడానికే కొన్నాడు. బుష్‌లు నేను కోశాను. బిగించింది ఐజాక్. అతని మెకానిక్ షెడ్డూ, నా లేతు షాపూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి.

బుష్‌లు నాలుగూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. ఎవరైనా కొలుచుకోవచ్చు.

మే 5

షాపు తెరవలేదు. కరెంటు లేదని చెప్పాను. కరెంటు ఉంది.

మే 6, మంగళవారం

బోల్టు సంగతి కూడా రాసేస్తాను.

సబ్‌ఫ్రేమ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగిపోతాయి, మళ్లీ వాడకూడదని ఐజాక్ కొత్తవి నాలుగు తెప్పించాడు. పెట్టె విప్పితే మూడే ఉన్నాయి. నాలుగోదానికి పదిహేను రోజులు పడుతుందన్నారు.

"ఆగాల్సిందే శ్రీకాంత్," అన్నాడు ఐజాక్.

శ్రీకాంత్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఆదివారం ట్రాకు ఉండాది ఐజాకన్నా. పేరు గూడా ఇచ్చేసినా. ఒక్క బోల్టు, ఈడ యాడా దొరకదా?"

నేను ఊరుకుని ఉండొచ్చు. గోడ మీదుగా తల పెట్టి, "నేనిస్తా ఉండప్పా," అన్నాను.

బోరులోకి మోటారు దించేటప్పుడు పైపును పట్టి ఉంచే క్లాంపు ఒకటుంటుంది. దాని బోల్టులు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. మా దిక్కు ఎనిమిది వందల అడుగుల పైపూ మోటారూ నీళ్ల బరువూ అన్నీ ఆ బోల్టుల మీదే వేలాడుతాయి. నా క్లాంపు జారి మోటారు బోరులో పడిపోయిందన్న మాట కదిరిలో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. అందులో లావుపాటిది ఒకటి తీసి, పద్నాలుగు మిల్లీమీటర్లకు కోసి, మర కోసి, శుభ్రం చేసి ఇచ్చాను.

"గ్రేడు ఒకటేనా అన్నా?" అని ఐజాక్ అడిగాడు.

"బోరు పైపును ఆపేది కారును ఆపదా?" అన్నాను.

నవ్వి తీసుకున్నాడు. ఆ మాటకు మా పనివాళ్లలో ఎదురు లేదు. బోరుకు పనికొచ్చింది దేనికైనా పనికొస్తుందని ఇక్కడ అందరం అనుకుంటాం. ట్రాక్టరు హుక్కుకు, లారీ పట్టీకి, పెళ్లి పందిరి రాటలకు కూడా ఆ బోల్టులే వేస్తాం.

బిగించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొలత చూపించే రెంచితో బిగించాక ఇంకో పావు చుట్టు తిప్పాలట. నాలుగోదాని దగ్గర ఐజాక్ చెయ్యి ఆగింది.

"అన్నా, చివర్లో మెత్తగా పోయినట్లుండాదే."

"కొత్త మర గదప్పా, కూర్చుంటాంది," అన్నాను.

జరిగింది ఇంతే. నేను దాచిందేమీ లేదు.

మే 8, గురువారం

ఐజాక్‌ను పోలీసులు తీసుకుపోయారు. షెడ్డుకు తాళం వేశారు. లోపల ఎవరిదో జీపు ఇంకా జాకీ మీదే ఉంది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు కారు కింద దూరి చూసి, ఎడమ వెనుక బోల్టు విరిగిందని చెప్పాడట. ఆ మూల చట్రం జారి చక్రం అడ్డం తిరిగిందట. ఇది తిమ్మప్ప టీ అంగడి దగ్గర విన్నాను.

"దొంగ బోల్టంట ఆచారీ," అన్నాడు తిమ్మప్ప, గ్లాసు నా చేతికిస్తూ. ఉలిక్కిపడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. "యాడిదిరా బోల్టు అని అడిగినారంట. నేనే వేసినా, నాదే అన్నాడంట ఐజాక్. ఇంగొకరి పేరే ఎత్తలేదంట."

వేసింది ఐజాకే కదా. అబద్ధమేమీ చెప్పలేదు.

టీ చల్లారిపోతే తిమ్మప్ప ఇంకొకటి పోశాడు. అదీ చల్లారింది.

మే 9

టక్.

మే 11, ఆదివారం

నిన్న షాపు తెరిచాను. తలుపుల అనే ఊరి నుంచి కదిరప్ప అనే రైతు వచ్చాడు. బోరు ఎండిపోయిందట. మోటారు పైకి లాగుతుంటే క్లాంపు చెవి పగిలింది. అతికి, కోసి ఇమ్మన్నాడు.

లేతు తిరుగుతుంటే టక్ అంది. ఆపాను. మళ్లీ వేశాను. టక్. బిగింపు చూశాను, బెల్టు చూశాను, గేర్లలో నూనె పోశాను. మిట్టమధ్యాహ్నం, ఎండ వాకిట్లో కొలిమిలా ఉంది, వీధిలో పురుగు లేదు. టక్.

"ఏమప్పా ఆచారీ, ఏం వింటాండావు అట్ల?" అన్నాడు కదిరప్ప.

"శబ్దం వస్తాందా నీకు?"

చెవి దగ్గర పెట్టి విన్నాడు. "బాగానే తిరుగుతాంది గదా. ఏం శబ్దం?"

క్లాంపు రేపు ఇస్తానని పంపించేశాను. మోటారు సగం బోరులో వేలాడుతోంది ఆచారీ అని బతిమాలాడు. అయినా పంపేశాను.

ఆ శబ్దం ఎక్కడిదో నాకు తెలుసు. ఏప్రిల్ ముప్పైన శ్రీకాంత్ ఫోను చేశాడు. ట్రాకు మీద బ్రహ్మాండంగా తిరిగిందని, గీత గీసినట్టు మలుపు తీసుకుందని చాలాసేపు సంబరపడ్డాడు. తర్వాత అన్నాడు, "అన్నా, నిన్నటి నుంచి వెనకల టక్ అంటాంది. బ్రేకు తొక్కితే ఒకసారి, వదిలితే ఒకసారి. ఐజాకన్న ఫోను కలవలే. ఇను, వినిపిస్తా." ఫోను వెనుక సీటు మీద పెట్టి బండిని ముందుకూ వెనక్కూ నడిపాడు. విన్నాను.

"రబ్బరు తీసేసినాం గదప్పా," అన్నాను. "మింగేది పోయినాక శబ్దం లోపలికి రాక యాడికి పోతాది? గట్టి బుష్ అంటే అంతే. అలవాటైపోతాది."

"అంతేనంటావా?"

"అంతే."

"సరేన్నా, నువ్వు చెప్పినాక ఇంగేముండాది," అని పెట్టేశాడు.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. గట్టి బుష్ వేసిన బండిలో క్రౌన్ కూత, రోడ్డు గరగర, చక్రానికి తగిలిన ప్రతి రాయీ సీటులోకి వస్తాయి. కానీ కూత వేరు, టక్ వేరు. వదులైన బోల్టు చేసే శబ్దం నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఫోనులో తెలియలేదని రాద్దామనుకున్నాను. కలం కదలలేదు.

మే 13, మంగళవారం

శ్రీకాంత్ దినం. వాళ్ల నాయన హనుమంతరెడ్డి మనిషిని పంపి పిలిపించాడు. ఆయన తోటల్లో తొమ్మిది బోర్లు, తొమ్మిదింటికీ క్లాంపులు నావే. పోకపోతే బాగుండదు. పైగా అక్కడే చెప్పేయాలని కూడా అనుకున్నాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను.

పందిట్లో పెద్ద మనుషులంతా ఉన్నారు. నన్ను చూడగానే ఆయన పక్క కుర్చీ ఖాళీ చేయించాడు. పదిరోజుల్లో మనిషి సగమయ్యాడు. మెడ చొక్కాలో వదులుగా తిరుగుతోంది.

"కూర్చో ఆచారీ. నీ చేతి పని ముప్పై ఏండ్లుగా చూస్తాండా నేను," అన్నాడు నా మోకాలి మీద చెయ్యి వేసి. "ఆ ఐజాక్ గాడు నా కొడుకు కింద దొంగ బోల్టు పెట్టినాడు. నీ మాదిరోడు పెట్టింటే నా కొడుకు ఈడ నా ఎదురుగా కూర్చోనుండు."

ఆయన చెయ్యి నా మోకాలి మీదే ఉంది. బరువుగా, వేడిగా ఉంది. చెప్పడానికి అది సమయం కాదు. కొడుకు పోయిన మనిషి, నలుగురి మధ్య, ఆ రోజున. ఎవరైనా చెప్పగలరా?

"తిని పో ఆచారీ," అన్నాడు.

పప్పు, వడ, పాయసం. తిన్నాను. రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాను.

మే 14, బుధవారం

కృపాకుమారి వచ్చింది. ఐజాక్ భార్య. మా వీధి చివర అంగన్‌వాడీ టీచరు. పిల్లల్ని ఇళ్లకు పంపి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది. స్టూలు వేశాను. కూర్చోలేదు.

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అన్నా, సోమవారం కోర్టులో పెడతారంట. తప్పు నాదే, ఒప్పుకుంటా అంటాండాడు. లాయరు తల కొట్టుకుంటాండాడు. చివరి తిప్పు ఎక్కువ తిప్పినానంట, చేతికి మెత్తగా తగిలిందంట, ఆడనే ఆపి ఉంటే పిల్లోడు బతికుండునంట. నాలుగు దినాల నుంచి అదే మాట."

నేను చేతిలో ఉన్న గుడ్డతో లేతు తుడుస్తున్నాను.

"నీ పేరు యాడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అన్న బోల్టు మంచిదే, నా చెయ్యే చెడ్డది అంటాండాడు. నువ్వు పనిమంతుడివి. నువ్వు చెప్తే ఆయన నమ్ముతాడు. ఆయన తప్పేనా అన్నా?"

కదిరప్ప క్లాంపు బల్ల మీద ఉంది. దాని బోల్టు తల నాకేసి ఉంది. ఆమె చూపు నా ముఖం మీది నుంచి కదల్లేదు.

"కావచ్చు కృపమ్మా," అన్నాను.

తల ఊపింది. కొంగు సరిచేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మే 15

కావచ్చు అన్నాను.

మే 16, శుక్రవారం

పుష్పావతి నా ముందు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఎవురికి జవాబిస్తాండావు?" అని అడిగింది.

"నేనేమన్నా?"

"అంతే, అంతే అంటాండావు. పొద్దున నీళ్లు పోసుకుంటా అదే అన్నావు. ఇప్పుడు ముద్ద కలుపుతా అదే అంటాండావు. పెండ్లై ఇరవై రెండేండ్లు. నువ్వు ఇన్ని మాటలు మాట్లాడింది నేను చూడలేదు."

నాకు వినిపించలేదు. టక్ వినిపిస్తోంది. దానికేనేమో జవాబిస్తున్నది. పంపు హ్యాండిల్లో వస్తుంది, సైకిల్ స్టాండులో వస్తుంది, పుష్పావతి గరిటె అంచున వస్తుంది. వచ్చినప్పుడల్లా వెనుకే ఆ పిల్లవాడి గొంతు కూడా వస్తుంది. భయపెట్టే గొంతు కాదు. నమ్మి అడిగే గొంతు. అందుకే తట్టుకోలేకపోతున్నాను.

కదిరప్ప వచ్చి క్లాంపు తీసుకుపోయాడు. వేరే చోట చేయించుకుంటాడట.

మే 17, శనివారం

శుభ్రం చేసి ఇచ్చాను అని ఆరో తేదీన రాశాను. వెనక్కి తిప్పి చదివాను. శుభ్రం చేయలేదు. కోశాను.

ప్రతి గట్టి బోల్టు తల మీదా అంకె అచ్చొత్తి ఉంటుంది. ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పే అంకె. కారు బోల్టు మీద పది పాయింట్ తొమ్మిది. నా డబ్బాలోని దాని మీద ఎనిమిది పాయింట్ ఎనిమిది. డబ్బాలోంచి తీసినప్పుడే చూశాను. బోరులో బరువు నిలకడగా వేలాడుతుంది, దానికి అది చాలు. కారు కింద బరువు ప్రతి మలుపుకూ ప్రతి బ్రేకుకూ అటూ ఇటూ గుంజుతుంది. మధ్యలో రబ్బరు ఉంటే సగం గుంజుడు అది మింగేది. ఆ రబ్బరు తీసేసింది కూడా మేమే. దీని మీద ఉన్నది ఫ్యాక్టరీలో ఒత్తిన గట్టి మర కాదు, నేను కోసిన మర. ఇదంతా నాకు ఆ రోజే తెలుసు.

ఐజాక్ ఆ అంకె చూస్తే బోల్టు వేయడు. వేయకపోతే, శ్రీకాంత్ ముందు, పక్కన నిలబడ్డ నలుగురి ముందు, నేనిస్తా ఉండప్పా అన్న నా మాట పోతుంది. నాగేశ్వరాచారి దగ్గర లేదు అన్న మాట ఊళ్లో మొదటిసారి వినపడుతుంది. అందుకని బోల్టును లేతుకు పట్టి తల మీద ఒక్క కోత కోశాను. పలుచటి చుట్ట లేచింది. అంకె పోయింది. తల అద్దంలా మెరిసింది. ఐజాక్ దాన్ని చూసి, "కొత్తదే ఉండాది గదా అన్నా," అన్నాడు.

ఔనన్నాను.

బిగించేటప్పుడు మెత్తగా పోయింది కూడా అందుకే. పది పాయింట్ తొమ్మిదికి రాసిన బిగింపు ఎనిమిది పాయింట్ ఎనిమిది తట్టుకోలేక అక్కడే సాగింది. ఐజాక్ చెయ్యి మంచిది. చెడిపోతున్న ఇనుమును చీకట్లో కూడా పట్టుకునే చెయ్యి అది. పట్టుకుని నన్ను అడిగింది.

శ్రీకాంత్‌ను చంపింది నేను. ఇది రాయడానికి పద్నాలుగు రోజులు పట్టింది.

రాయడం వేరు, చెప్పడం వేరు.

మే 18, ఆదివారం

పొద్దున కృపాకుమారి చర్చి నుంచి వచ్చేదాకా వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. అటు పోయినవాళ్లందరూ చూసుకుంటూ పోయారు. ఇంటికి పోదామని మూడుసార్లు లేచాను. మూడోసారి లేచి వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చాను.

ఆమె వచ్చి తాళం తీసి, "లోపలికి రా అన్నా," అంది. చెంబుతో నీళ్లిచ్చింది. తాగకుండా చెప్పాను. బోరు బోల్టు అని చెప్పాను. ఐజాక్ చెయ్యి తప్పు లేదని చెప్పాను. ఫోను సంగతి చెప్పాను. ముప్పై ఏళ్లలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది నిన్న పుస్తకంలో, ఇవాళ ఆమె ముందు.

ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి విన్నది. విని, "నువ్వు ఆ పొద్దు చెప్పిన మాట ఆయనకు చెప్పేసినా అన్నా," అంది. "అన్న గూడా కావచ్చు అన్నాడని చెప్పినా. ములాఖత్‌లో కడ్డీలు పట్టుకోని అట్లే కింద కూర్చున్నాడు. అప్పటి నుంచి కూడు ముట్టలేదంట."

నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను.

అంగన్‌వాడీ సంచీలోంచి తెల్ల కాగితాలు తీసి నా ముందు చాప మీద పెట్టింది. "రాయి. నీ చేత్తోనే రాయి. రేపు పొద్దున లాయరుకిస్తా. నువ్వు గూడా రావల్ల."

"వస్తా," అన్నాను.

రాశాను. నా పేరు, మా నాయన పేరు, షాపు ఉన్న చోటు. ఏప్రిల్ ఇరవై రెండున కారుకు బోల్టు కోసి ఇచ్చింది నేనని. హనుమంతరెడ్డి కళ్ల ముందు కదిలాడు. రేపు మధ్యాహ్నానికి ఆయనకు తెలుస్తుంది. నా మోకాలి మీద పెట్టిన చేతిని ఆయన ఏం చేసుకుంటాడో. ఆయన మనుషులు ఏం చేస్తారో కూడా తెలియదు. పుష్పావతికి ఇంకా చెప్పలేదు. భయంగా ఉంది. రెండుసార్లు కాగితం మార్చాను.

మూడో కాగితం ఆమె తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులో నిదానంగా, పిల్లల పలకలు దిద్దినట్టు చదివింది. ఒక చోట ఆగింది. చాప మీద నా ఎదురుగా కూర్చుని ఆ వరుస మీద వేలు పెట్టింది. పొరపాటున తక్కువ గ్రేడు బోల్టు ఇచ్చినాను అని ఉందక్కడ.

"బోల్టు తల మీద అంకె ఉంటాదంట గదా అన్నా. లాయరు చెప్పినాడు. విరిగిన దాని మీద లేదంట. నువ్విచ్చినదాని మీద ఉన్నిందా?"

"ఉన్నింది."

"చదివినావా?"

"చదివినా."

"చదివినాక కోసినావా, కోసినాక చదివినావా?"

బయట ఎవరో సైకిల్ ఆపి, ఎవరినో పిలిచి, వెళ్లిపోయారు. ఆమె తొందరపెట్టలేదు.

"చదివినాక కోసినా," అన్నాను.

కాగితాన్ని నావైపు తిప్పి, కలం దాని మీద పెట్టింది. "అట్లైతే ఈ మాట ఈడ ఉండగూడదు."

పొరపాటున అన్న మాట మీద గీత కొట్టాను. ఆ చోట ఏం రాయమంటావని అడిగాను. ఆమె వేలు ఆ గీత మీదే ఉంచింది. పైన తెలిసి అని రాసి, కింద సంతకం చేశాను.